నెమలి కింద నేసిన పాస్‌వర్డ్

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒకవైపు ఏ దేశంలో ఉంటుందో, ఎంతమంది ఉంటారో ఎవరికీ తెలియని కంప్యూటర్ దొంగల ముఠా. మరోవైపు తరతరాలుగా మగ్గం తప్ప మరో ఆయుధం పట్టని సోలాపూర్ తెలుగు నేతకారులు. నడుమ శత్రువుల చేత చిక్కిన యాభై ఏళ్ళ కళాసంపద. దాన్ని విడిపించడానికి ప్రాణాలకు తెగించి బయలుదేరిన ఒక యువతి.

అని మొదలుపెట్టాలని నాకు చాలా ఆశగా ఉండేది. కానీ దీన్ని మా అమ్మ ఎవరిచేతనైనా చదివించుకుంటుంది. "యువతి" అన్నచోట ఆపి, ఎవరామె అని అడుగుతుంది. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ఒక పాత కంప్యూటర్లో ఫైళ్ళకు తాళం పడింది. పడడానికి కారణమైన ఇద్దరిలో నేనొకదాన్ని. పన్నెండు రోజులు తిప్పలు పడ్డాం. ప్రాణాలకు ఎవరూ తెగించలేదు. సెక్రటరీ మామ ఒకసారి నిచ్చెన మీంచి జారాడు గానీ, అది కింది నుంచి రెండో మెట్టు.

దాజీ పేట్‌లో మా నేతకారుల సమాజం భవనం ఒకటి ఉంది. కింద పెళ్ళిళ్ళ హాలు, పైన మ్యూజియం. మ్యూజియం అంటే రెండు గదులు. మొదటి గదిలో గుంట మగ్గం ఉంది. మేడ మీద గుంట తవ్వడం కుదరదు కనుక మగ్గాన్నే బల్లల మీదికి ఎత్తి పెట్టారు. రెండో గదిలో పాత చద్దర్లు, వాల్ హ్యాంగింగులని మేము పిలిచే గోడబొమ్మల గుడ్డలు, పెద్దల ఫోటోలు, ఒక మూలన కంప్యూటర్. చూడడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కింద పెళ్ళికి వచ్చినవాళ్ళు. వాళ్ళలోనూ ఎక్కువమంది బాత్‌రూమ్ పైన ఉందని తెలిసి వచ్చినవాళ్ళు. అయినా వెళ్ళేటప్పుడు సంతకాల పుస్తకంలో "చాలా బాగుంది" అని రాసి వెళ్తారు. దేని గురించి రాశారో మేము అడగం.

అక్కడ నేను డిజిటల్ ఇన్‌చార్జిని. బీకాం చదువుతూ కంప్యూటర్ క్లాసుకు కూడా వెళ్తున్నానని తెలిసి, వద్దనేలోపు ఆ పదవి ఇచ్చేశారు. బాధ్యతలు మూడు. కంప్యూటర్ ఆన్ చేయడం, ఆఫ్ చేయడం, లోపలి ఫ్యాన్ అరిస్తే పక్కన ఒక్కటి ఇవ్వడం.

ఆ కంప్యూటర్లో నిజంగా విలువైనది ఒక్కటే ఉండేది. నక్షా తాత ఫోల్డర్.

నక్షా అంటే నేయబోయే బొమ్మను ముందుగా గళ్ళ కాగితం మీద గీసుకునే ప్లాను. ఒక్కో గడి ఒక్కో పోగు. తాత జోడ్‌భావి పేట్‌లో మా ఇంటి వెనక సందులో ఉంటాడు. మాకు చుట్టం కాదు, కానీ ఆ సందులో అందరికీ తాతే. యాభై ఏళ్ళు కార్ఖానాల వాళ్ళకు నక్షలు గీశాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. ఎదురుగా నిలబడింది మనిషా స్తంభమా అన్నంతవరకే చూపు. ఆయన దగ్గర మిగిలిన అరవై ఒక్క నక్షలను నిరుడు నేను ఒక్కొక్కటిగా స్కాన్ చేశాను. ఆ తర్వాతి వానాకాలంలో ఆయన మంచం కింది పెట్టెలోకి నీళ్ళు చేరి, కాగితాలన్నీ కలిసి ఒకటే ముద్ద అయ్యాయి. కంప్యూటర్లో ఉన్నాయి కదా అని ఆయన ఆ ముద్దను తానే తీసుకెళ్ళి పారేసి వచ్చాడు.  ఆ నమ్మకం చూసి నాకు అప్పుడే కొంచెం భయం వేసి ఉండాల్సింది.

ఇంతలో వేరే ఊళ్ళోని ఒక నేత కళాశాల వాళ్ళు సోలాపూర్ బొమ్మల మీద పుస్తకం వేస్తున్నామని మాకు మెయిల్ రాశారు. ఒక శనివారం గడువు పెట్టి, ఆలోపు తాత నక్షలు పంపితే ప్రతి బొమ్మ కింద ఆయన పేరు వేస్తామన్నారు. ఈ కబురు చెప్పిన రోజు నుంచి తాత నన్ను సందులో పట్టుకుని పంపావా అని అడగడం, నేను పది నిమిషాల పని, రేపు పంపుతా అనడం. నిజంగానే అంతే పని. అదే వచ్చిన చిక్కు. సగం రోజు పని అయితే భయపడి ముందే చేసేదాన్ని.

ఇక పాస్‌వర్డ్ సంగతి.

సెక్రటరీ మామ కూడా నాకు నిజంగా మామ కాదు. సమాజానికి సెక్రటరీ, పేటలో సగం మందికి మామ. నలభై ఏళ్ళు చేతిమగ్గం మీద గోడబొమ్మలు నేసిన మనిషి. ఇప్పటికీ తెల్లచొక్కా వేసుకుని, దాని మీద ఒక పోగు అంటుకుని ఉంటే తప్ప బయటికి రాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి ఆయనకు మూడుసార్లు ఇచ్చాను. మొదటిది చొక్కా జేబులో ఉతుకులో పోయింది. రెండోది పెళ్ళిపత్రిక వెనక రాసుకున్నాడు, ఆ పత్రిక ఎవరికో ఇచ్చేశాడు. మూడోది ఏమైందో ఆయనకే తెలియదు. నాలుగోసారి ఆయన నన్ను అడగలేదు. వారం రోజులు మగ్గం మీద కూర్చుని, మ్యూజియం గోడకు కొత్త నెమలి బొమ్మ నేసి తెచ్చాడు. పైన తెలుగులో, మరాఠీలో స్వాగతం. మధ్యలో నెమలి. నెమలి కాళ్ళ కింద, అంచులో, ఎర్ర పోగుతో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆరు అంకెలు.

అది మా పాస్‌వర్డే. మామ చాలా నెమ్మదిగా వివరించాడు.

"జేబులున్నది ఉతుకుల పోతది. గోడకున్నది యాడికి పోతది చెప్పు?"

"అందరికీ కనపడ్తది గద మామా."

"కనపడ్తది. డిజైన్ నంబరనుకుంటరు."

అందులో మామ తప్పు లేదు. మా దగ్గర నేసే ప్రతి గుడ్డ మూలనా ఒక డిజైన్ నంబరు ఉంటుంది, ఏ బొమ్మ ఏదో గుర్తుకు. కాబట్టి నెమలి కింద అక్షరాలూ అంకెలూ కనిపిస్తే మా పేటలో పుట్టినవాళ్ళెవరూ రెండోసారి చూడరు. ఎనిమిది నెలలు ఎవరూ చూడలేదు కూడా. ప్రపంచంలో మా పేటలో పుట్టనివాళ్ళు కూడా ఉంటారన్న విషయం మా ఇద్దరికీ తట్టలేదు.

నా వంతు ఏమిటంటే, నేను కొత్త ఫోన్ కొన్నాను. కొన్నాక దేన్నైనా ఫోటో తీయాలి కదా. ఆ నెమలిని తీసి మ్యూజియం పేజీలో అన్నిటికంటే పైన పెట్టాను. అద్భుతంగా వచ్చింది. పెద్దది చేసి చూస్తే నెమలి కంటిలోని పోగులు లెక్కపెట్టొచ్చు. పాస్‌వర్డ్ గురించి చెప్పనక్కర్లేదు. ఫోటోకు ఒక పక్కన కంప్యూటర్ తెర కూడా పడింది. తెర అంచున ఒక చీటీ అంటించి ఉంది. కొంతం చౌక్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు మోకాళ్ళ నొప్పులు, మా మెట్లు ఎక్కలేడు. అందుకని తన దుకాణంలో కూర్చునే మా కంప్యూటర్‌ను తెరిచేలా ఒక ప్రోగ్రాం పెట్టుకున్నాడు. ఆ చీటీ మీద ఉన్నది దాని నంబరు. దానికి పాస్‌వర్డ్ వేరేది పెట్టమని ఆయన చెప్పాడు. వేరేది పెడితే మామ ఇంకో నెమలి నేయాలి. రెంటికీ ఒకటే పెట్టాం.

అంటే ఇంటి చిరునామా, తాళంచెవి రెండూ ఒకే ఫోటోలో పెట్టి ఊరందరికీ చూపించాను. నూట పన్నెండు లైకులు వచ్చాయి.

ఒక సోమవారం ఉదయం కంప్యూటర్ ఆన్ చేస్తే ఫైళ్ళ పేర్లన్నిటికీ చివర ఏదో తోక మొలిచి ఉంది. ఏదీ తెరుచుకోలేదు. తెర మధ్యలో ఇంగ్లీషులో ఒక ఉత్తరం. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, మేమడిగినంత ఇస్తే తీస్తాం, లేదంటే వాటిని మరిచిపోండి అని. భాష మాత్రం చాలా మర్యాదగా ఉంది. "ప్రియమైన కస్టమర్" అని మొదలుపెట్టారు.

మామ వచ్చి ఉత్తరాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. ముందు ఆయనకు కోపం రాలేదు, ఒక రకమైన గౌరవం కలిగింది. మన మ్యూజియం పేరు విదేశాలకు చేరిందన్నమాట అన్నాడు. వాళ్ళకు మనమెవరో తెలియదు మామా, తలుపు తెరిచి ఉన్న ఇల్లు చూసి దూరారు అంతే అని చెప్తే కొంచెం నొచ్చుకున్నాడు. తర్వాత సమాజం లెటర్‌హెడ్ తీసి, శిక్కా ముద్ర కొట్టి, వాళ్ళకు జవాబు రాద్దామన్నాడు. ఏ అడ్రసుకని అడిగాను. అదీ నిజమే అని లెటర్‌హెడ్ లోపల పెట్టేశాడు.

నేను చేయాల్సిన మొదటి పని కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీగ పీకడం. అది చేశాను. రెండో పని పేజీలోంచి నెమలిని తీసేయడం. అదీ చేశాను. మూడోది, వేరేచోట ఉన్న కాపీలు చూడడం. ఫోన్లో ఉన్న స్కాన్లను మా అక్క పెళ్ళి వీడియోలకు చోటు చాలక ఎప్పుడో చెరిపేశాను. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ ఎక్కడుందా అని వెతికితే కంప్యూటర్‌కే గుచ్చి ఉంది. దాంట్లో ఫైళ్ళకు కూడా తోకలు మొలిచాయి.

మధ్యాహ్నానికల్లా పేటంతా గగ్గోలు. నక్షల గురించి కాదు. పెళ్ళిళ్ళకు అరువిచ్చే సమాజం వంటపాత్రల జాబితా కూడా అదే కంప్యూటర్లో ఉందని తెలిసింది. ఏ గంజు ఎవరింట్లో ఉందో ఇక తేలదని నలుగురు పెద్దమనుషులు తలలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. అత్యవసర సమావేశం పెట్టాలన్నారు. నేను ఇంటికి వెళ్ళి, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అమ్మను అడిగాను. ఆమె తలెత్తకుండా, ఒక్క బీడీ ఆగకుండా, పెద్ద గంజులు ఎవరింట్లో, బగోనెలు ఎవరింట్లో, ఏ మూత ఎవరు పోగొట్టారో వరసగా చెప్పింది. రాసుకుని వచ్చి పెద్దమనుషులకు ఇచ్చాను. సమావేశం రద్దయింది.

నక్షా తాత నక్షలు మాత్రం మా అమ్మకు నోటికి రావు.

సాయంత్రం ఆయన గుమ్మం ముందు కూర్చున్నాను. దారి పొడవునా మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ అక్కడికి వెళ్ళాక ఒక్కటీ పనికిరాలేదు. ఆయన మొత్తం విని, గోడకు ఆనుకుని అడిగాడు.

"కాయిదాలు వానకు తడిసినయ్. ఇప్పుడు కంప్యూటర్ గూడ తడిసిందా బిడ్డా?"

"తడవలే తాతా. తాళం పడ్డది. చావి వేరేటోని దగ్గరున్నది."

"నా నక్షలతోని వానికేం పని? నేస్తడా?"

"నేయడు."

"మరి?"

ప్రపంచంలోని సైబర్ నిపుణులందరూ ఆలోచించాల్సిన ప్రశ్న అది. 

"యాభై ఏండ్లు గీసిన. సేటు పేరు పడ్డది, కార్ఖాన పేరు పడ్డది. నా పేరు యాడ పడలే. ఈసారి పడ్తదనుకున్న." తర్వాత తాత చాయ్ తాగుతావా అని అడిగాడు.

నేను తాగాను. అంత చేదు చాయ్ ఎప్పుడూ తాగలేదని రాస్తే బాగుంటుంది గానీ, తాత చాయ్‌లో ఎప్పుడూ చక్కెర ఎక్కువే.

మర్నాడు నేనూ మామా సైబర్ ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళాం. అక్కడి పోలీసాయన ఓపికగా రాసుకుంటూ, ఏం పోయాయని మరాఠీలో అడిగాడు. నెమళ్ళు, చిలకలు, కమలాలు అన్నాడు మామ. ఆయన కలం ఆపి మా ఇద్దరినీ చూశాడు. ఇది అటవీ శాఖ కేసు అనుకున్నట్టున్నాడు. నేను విషయం చెప్పాక మాత్రం తెలివిగా మాట్లాడాడు. ఏమీ చెల్లించొద్దన్నాడు. చెల్లించినా తీస్తారన్న నమ్మకం లేదన్నాడు. కంప్యూటర్‌ను అలాగే ఉంచమన్నాడు. పాస్‌వర్డ్ ఎలా బయటికి పోయిందో చెప్పమన్నాడు. మామ ఎంతో గర్వంగా నెమలి ఫోటో చూపించాడు. పోలీసాయన దాన్ని చాలాసేపు చూసి, పనితనం బాగుందన్నాడు. చివరికి ఒక్క ప్రశ్న వేశాడు. "ఆణఖీ కుఠే కాపీ ఆహే కా?" ఇంకెక్కడైనా కాపీ ఉందా అని. లేదన్నాం.

తిరిగొచ్చి ఆ సంగతి తాతకు చెప్పాను. కాపీ లేదంటే పోలీసులు కూడా ఏం చేయలేరని.

"కాపీ అంటే ఏంది?"

"ఒకటి పోతే పనికొచ్చే ఇంకోటి తాతా. అచ్చం అట్లాంటిదే."

"అట్లంటే కార్డులుంటయ్ గద."

 మగ్గానికి నక్షా చదవడం రాదు. నక్షా గీశాక దాన్ని చూసి అట్ట కార్డులకు చిల్లులు కొడతారు. గుడ్డలో ఒక్కో వరసకు ఒక్కో కార్డు. వాటిని తాడుతో మాలలా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏది ఉండాలో ఆ చిల్లులే చెప్తాయి. నక్షలో ఉన్న ప్రతి గడీ కార్డుల్లో ఉంటుంది. తాత గీయడమే కాదు, కార్డులు కూడా తానే కొట్టేవాడు. ఈ సంగతి మా మ్యూజియంలో గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది. రాయించి అంటించింది నేను.

"నిన్ననే ఎందుకు చెప్పలే తాతా?"

"నువ్వు కాపీ అన్లే. తాళం అన్నవ్."

కళాశాల వాళ్ళ గడువు ఇంకా పదకొండు రోజులుంది. తాత గుర్తు తెచ్చుకుని కార్ఖానాల పేర్లు, ఇళ్ళ పేర్లు, డిజైన్ నంబర్లు చెప్తే నేను రాసుకున్నాను. నేనూ మామా పేటలన్నీ తిరిగాం. పాత కార్డులు ఎవరూ పారేయలేదు, కానీ ఎవరూ అలాగే ఉంచలేదు కూడా. ఒక ఇంట్లో రేకుల కప్పు కారే చోట కుక్కారు. ఒక చోట కుర్చీ కాలు కింద పెట్టారు. చాలా ఇళ్ళలో స్నానానికి నీళ్ళు కాగాయి వాటితో. అలా కాలిపోయిన వాటిలో హంసల జంట ఒకటి ఉందని విని తాత, నీళ్ళు బాగా కాగినయా అని అడిగాడు.

నాలుగు కట్టలు మాత్రం దాజీ పేట్‌లో ఒక మూతపడ్డ కార్ఖానా అటక మీద దొరికాయి. మామ జారింది ఆ నిచ్చెనే. ఇంకో ఇంట్లో కార్డుల కట్టలను పాత చద్దరులో మూటకట్టి దేవుడి గదిలో పెట్టారు. ఏటా దసరాల్లో ఖండే నవమికి పనిముట్లతోపాటు వాటికీ పూజ చేస్తారట. మూట విప్పితే ఏడు కట్టలు, బూజు లేదు, చెద లేదు. ఒక్కో కట్టలో పై కార్డుకు మాత్రం ఇన్నేళ్ళ పసుపు కుంకుమ గట్టిగా పట్టి, చిల్లులు పూడిపోయాయి. ఇంకోటి మా సందు చివరనే దొరికింది. అన్నీ కలిపి పన్నెండు.

తర్వాత పనంతా మా ఇంట్లోనే. కార్డును కిటికీకి ఆనించి పట్టుకుంటే చిల్లుల్లోంచి వెలుతురు వస్తుంది, అప్పుడు ఫోటో తీయాలి. వేల కార్డులు. మా అమ్మ, ఆమెతో బీడీలు చుట్టే ఇంకో ముగ్గురు రోజూ మధ్యాహ్నం చాటలు పక్కన పెట్టి కూర్చున్నారు. ఒకరు విప్పడం, ఒకరు పట్టుకోవడం, ఒకరు సర్దడం. ఇరవై ఐదు కాగానే ఏదీ లెక్కపెట్టకుండానే సర్దే ఆమె చెయ్యి ఆగేది. బీడీల కట్టకు ఇరవై ఐదు కదా, వేళ్ళకు అలవాటు. నేను ఒక్కసారి ఫోన్ కిందికి దించితే, ఈమెనా ఇన్‌చార్జి అని నలుగురూ నవ్వుకునేవాళ్ళు.

ఫోటోలను బొమ్మగా మార్చడానికి, కంప్యూటర్ క్లాసు నుంచి అడిగి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. చిల్లు ఉంటే నల్ల గడి, లేకపోతే తెల్ల గడి. దీన్ని నా మేధస్సు అని చెప్పుకుందామనుకున్నాను గానీ మొదటి నెమలి కోడిలా వచ్చింది. అది కూడా లారీ తొక్కిన కోడి. తాతను పిలిచి అడిగితే, కార్డును తడిమి, నువ్వు అడ్డంగా చదువుతున్నావు, పైనుంచి కిందికి ఎనిమిది చిల్లులు చదివి అప్పుడు పక్కకు జరగాలి అన్నాడు. అలా మార్చాక నెమలి నెమలిలా లేచి నిలబడింది, ఒక్క పై వరస తప్ప. అక్కడ కుంకుమ అడ్డం. తాత అగ్గిపుల్లతో ఒక్కో చిల్లూ తీశాడు. వెయ్యి కార్డుల్లోనైనా తన చెయ్యి తెలుస్తుందన్నాడు. పెద్దవాళ్ళు అలా అంటూనే ఉంటారని నేను పట్టించుకోలేదు.

ప్రతి బొమ్మ గురించీ ఆయన చెప్పిన మాటలు మళ్ళీ రికార్డు చేశాను, నిరుడు స్కాన్లతోపాటు చేసినవి కూడా పోయాయి కనుక. అవే కథలు. కాకపోతే నిరుడు చెప్పినప్పుడు ఒక కమలం గీయడానికి నాలుగు రోజులు పట్టింది, ఈసారి చెప్తే తొమ్మిది పట్టింది. నేను మార్చలేదు.

పన్నెండో కట్ట సందు చివరి ఇంటి నుంచి వచ్చినది. చిలకల జంట. తెర మీద బొమ్మ వచ్చాక మేమంతా ఒక నిమిషం అలా చూశాం. మిగతా అన్నిటికంటే బాగుంది. తోకల దగ్గర రెండు చిలకలూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉన్నాయి. కట్ట మీద రాసి ఉన్న నంబరు తాత చెప్పిన నంబరే. కళాశాల వాళ్ళ పుస్తకం అట్ట మీద ఇదే వేయాలని మామ చెప్పేశాడు.

తాత కార్డులు తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకటి తడిమాడు, ఇంకోటి తడిమాడు. కట్ట మధ్యలోంచి ఇంకోటి.

"ఇది నాది గాదు."

"నంబరు నీదే గద తాతా. రాసున్నది."

"నంబరు ఎవడన్న రాస్తడు. చెయ్యి నాది గాదు. వీడు చిల్లును కొంచెం ఎడమకు కొడ్తడు. నక్ష గూడ నాది గాదు, నేను చిలకకు తోక అట్ల వంచ."

 మా అమ్మ వాళ్ళ చేతులు ఇరవై ఐదు కాకముందే ఆగాయి, నాకు తెలిసి మొదటిసారి. మామే మెల్లగా మొదలుపెట్టాడు. అరవై ఒకటి ఉండేవి, యాభై పోయాయి, అందులో ఒకటి అనుకుంటే ఏం పోతుంది, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు. తాత పేరు ఇంకొక్క చోట పడాలని.

తాత కార్డును తిరిగి కట్టలో పెట్టి తాడు సరిచేశాడు.

"నేను గీసినదాని మీద వేరేటోని పేరు యాభై ఏండ్లు చూసిన. ఇప్పుడు వేరేటోడు గీసినదాని మీద నా పేరు చూడాల్నా? వాడు గూడ యాడనో ముసలోడై కూసోని ఉంటడు."

మామ కళ్ళు తుడుచుకున్నాడు. కార్డుల దుమ్ము అన్నాడు. దుమ్ము నిజంగానే చాలా ఉంది, నేనూ తుడుచుకున్నాను.

అలా పన్నెండు పదకొండు అయ్యాయి. చిలకలను కూడా వేరే మెయిల్‌లో పంపాను, గీసినవారెవరో తెలియదు, తెలిసినవారు చెప్పగలరు అని రాసి. మిగతా యాభై నక్షలు ఇప్పటికీ ఆ కంప్యూటర్లోనే, తోకలతో ఉన్నాయి. పోలీసులు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏమైనా తెలిసిందా అని మమ్మల్నే అడుగుతారు. మామ కొత్త పాస్‌వర్డ్‌కు ఈసారి ఏనుగు నేస్తానన్నాడు. వద్దన్నాను. ఆయనకు ఇప్పుడు పాస్‌వర్డ్ తెలియదు. తెలియకపోవడమే భద్రత అని చెప్పి ఒప్పించడానికి రెండు చాయ్‌లు అయ్యాయి. ఇప్పుడు ప్రతి దానికీ మూడు కాపీలు ఉంటాయి, ఒకటి బీరువాలో, ఒకటి మా ఇంట్లో, ఒకటి ఇంటర్నెట్‌లో. ఏదీ కంప్యూటర్‌కు గుచ్చి ఉండదు.

గడువు శనివారం ఉదయం పదకొండు నక్షలూ వెళ్ళాయి. సాయంత్రానికి కళాశాల వాళ్ళ జవాబు వచ్చింది. అందాయి, పదకొండింటి కిందా ఆయన పేరు ఉంటుంది, పేరు స్పెల్లింగ్ ఒకసారి సరిచూసి చెప్పండి అని. తాత గుమ్మం దగ్గర కూర్చుని చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. మూడోసారి మొత్తం వద్దు, పేరొక్కటే చదువు అన్నాడు. చదివాను.  చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో చూపుడువేలి కొసను చాలాసేపు రుద్దుకున్నాడు. తర్వాత, మొదలే ఇట్ల పంపకపోతివి, పది నిమిషాలన్నవ్ గద అన్నాడు.

పది నిమిషాలు పట్టలేదు, నలభై పట్టింది. పదకొండు ఫైళ్ళూ కలిపి ముప్పై ఎనిమిది ఎంబీ. ఒక మెయిల్‌లో ఇరవై ఐదు దాటితే పోదు. రెండు మెయిళ్ళుగా పంపాల్సి వచ్చింది.